వర్చువల్ మెషీన్‌లో మౌస్ బాణం కనబడకపోతే

మా ల్యాబ్‌లో వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, నడిపే ప్రోగ్రామ్) ఉబుంటు అనే లినక్స్ వేసుకున్న పిల్లల నుంచి వినబడే మొదటి కేక: "సార్, మౌస్ పోయింది!" ఎక్కడికీ పోదు. కదిపి చూడండి. మెనూల మీద రంగు మారుతోందంటే మౌస్ పనిచేస్తోంది, బాణం బొమ్మ మాత్రమే తెర మీదికి రావడం లేదు.

ముందు కుడి కంట్రోల్ పట్టుకుని ఐ కొట్టండి. మౌస్ ఇంటిగ్రేషన్ (బాణం వర్చువల్ మెషీన్ విండో లోపలికీ బయటికీ అడ్డులేకుండా తిరిగే ఏర్పాటు) ఆగి, చాలాసార్లు బాణం వెంటనే కనిపిస్తుంది. కాకపోతే అది ఆ విండోలోనే ఇరుక్కుంటుంది. బయటికి రావాలంటే కుడి కంట్రోల్ ఒక్కటి నొక్కితే చాలు. కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఆ కీ ఉండదు, వర్చువల్‌బాక్స్ ప్రిఫరెన్సెస్‌లో హోస్ట్ కీ (ఈ పనికి వాడే కీ పేరు అదే) మార్చుకోండి.

లొంగలేదా? మెషీన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి. స్టేట్ సేవ్ చేసి (ఉన్నదున్నట్టు నిలిపి) మూస్తే కింది సెట్టింగ్స్ మారవు. ఆ మెషీన్ సెట్టింగ్స్ తెరిచి, డిస్‌ప్లేలో త్రీడీ యాక్సిలరేషన్ టిక్ తీసేయండి, నా అనుమానం ఎప్పుడూ ముందు దానిమీదే. గ్రాఫిక్స్ కంట్రోలర్ లినక్స్‌కి వీఎంఎస్‌వీజీఏ, విండోస్‌కి వీబాక్స్‌ఎస్‌వీజీఏ. సిస్టమ్‌లో పాయింటింగ్ డివైస్‌ని యూఎస్‌బీ టాబ్లెట్ చేయండి.

గెస్ట్ అడిషన్స్ (వర్చువల్ మెషీన్ లోపల వేసే డ్రైవర్ల కట్ట) మీ వర్చువల్‌బాక్స్ వెర్షన్‌దే వేసి రీస్టార్ట్ చేయండి. ఉబుంటు 24.04లో ఇంకా మొండికేస్తే, లాగిన్ దగ్గర కింద మూలనున్న గేర్ గుర్తులో 'ఉబుంటు ఆన్ ఎక్సార్గ్' (తెర మీద బొమ్మ చూపే పాత పద్ధతి) ఎంచుకోండి. బాణం లేకుండా అక్కడికి వెళ్లడానికి ట్యాబ్, ఎంటర్ ఉన్నాయిగా!