పెద్దల చెవి మందగిస్తే

వయసుతో పాటు ముందుగా జారిపోయేవి స, ష, త వంటి సన్నని ధ్వనులు కాబట్టి, మా తాతకు ‘సద్దలు’ అన్నా ‘పెద్దలు’ అన్నా ఒకేలా వినిపించేవి. అరవడం వల్ల ప్రయోజనం లేదు, ముఖంపై వెలుతురు పడేలా ఎదురుగా కూర్చొని నిదానంగా పలకాలి.

వినికిడి యంత్రం కొనేముందు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చెవి వైద్యులకు చూపించండి, ఎందుకంటే కొందరికి గుబిలి తీయిస్తే చాలు. వినికిడి పరీక్ష చేయించకుండా అంగట్లో దొరికే చౌక పరికరం కొనవద్దు. అది అక్కరలేని చప్పుడును కూడా పెంచుతుంది.

2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద, 60 ఏళ్లు దాటి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న పెద్దలకు శిబిరాల్లో యంత్రం ఉచితంగా ఇస్తారు. వివరాలు జిల్లా సంక్షేమ కార్యాలయంలో అడగండి.

యంత్రంలో వేసే బటన్ సెల్లుపై (చిన్న గుండ్రటి బ్యాటరీపై) అంటించిన రేకు తీశాక ఒక నిమిషం ఆగి అమర్చాలి. మొదటి వారం ఇంట్లోనే, రోజుకు కొన్ని గంటలు పెట్టుకుంటే చాలు.