అమ్మానాన్నలు వలసలో, పిల్లలు ఊళ్లో: ఇంట్లో ఉన్న ఒక్క ఫోనుతో జాగ్రత్తగా ఉండటం ఎలా?

నారాయణపేట జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు ముంబయికో పుణెకో కూలికి వెళ్లారు. పిల్లలు అవ్వ దగ్గర పెరుగుతారు. ఇంటికంతా ఒకటే ఫోను. రాత్రి కాగానే అమ్మ ముఖం కనిపించేది అందులోనే. కాబట్టి ‘పిల్లలకు ఫోను ఇవ్వకండి’ అనే సలహా మా ఊరికి పనికిరాదు.

నిరుడు తొమ్మిదో తరగతి పిల్లవాడు వారం రోజులు బడికి రాకపోతే ఇంటికి వెళ్లాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఫోను ఆటలో పరిచయమైన ఎవరో ‘అన్న’ ఆటలో వాడుకునే వజ్రాలు ఇస్తానని ఆశపెట్టి, బట్టలు లేని ఫొటో అడిగాడు. పంపాక ఇంకొకటి పంపమన్నాడు, లేకపోతే మీ అమ్మకు చూపిస్తానన్నాడు. అయితే పిల్లవాడిని తినేసిన భయం అది కాదు. ఈ సంగతి తెలిస్తే అవ్వ ఫోను లాక్కుంటుంది, అమ్మతో మాట ఉండదు అని. ఆ భయంతోనే ఫోనులోని ఆ మాటలన్నీ చెరిపేశాడు.

అందుకే ఫోను సెట్టింగుల కన్నా ముందు ఒక మాట ఇవ్వండి. బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇలాగే చెప్పండి: ‘ఫోనులో ఎవరైనా నిన్ను భయపెడితే, తప్పు నీదే అయినా సరే, వచ్చి నాతో చెప్పు. కొట్టను. ఫోను తీసుకోను. అమ్మతో మాట్లాడటం ఆపను.’ అదే మాట వీడియో కాల్‌లో అమ్మ చేత కూడా అనిపించండి. ఏమీ జరగని రోజునే చెప్పాలి. జరిగాక చెబితే నమ్మరు.

తర్వాత ఫోను పని. పావుగంట చాలు. వాట్సాప్ సెట్టింగుల్లో ప్రైవసీకి వెళ్లి, గ్రూపులు, ప్రొఫైల్ ఫొటో రెండూ మన కాంటాక్టులకే పరిమితం చేయండి. ఆటల్లో కొత్తవాళ్లతో మాట్లాడే వీలును ఆపేయండి. ఇన్‌స్టాగ్రామ్ ఉంటే పుట్టిన సంవత్సరం నిజమైనదే వేయించండి. 18 ఏళ్లలోపు వారి ఖాతాలకు తెలియనివాళ్ల నుంచి కొంత రక్షణ దానంతట అదే ఉంటుంది. మా పిల్లలు పెద్దవాళ్లమని చూపించుకోవడానికి సంవత్సరం మార్చి, ఆ రక్షణను చేతులారా పోగొట్టుకుంటున్నారు.

ఒకవేళ బెదిరింపే వస్తే డబ్బు పంపకండి, ఇంకో ఫొటో అసలే పంపనివ్వకండి. ఒక్కసారి ఇస్తే అడగడం ఆగదు. బ్లాక్ చేసే ముందు బెదిరించిన మాటలు, వాడి పేరు, నంబరు, ఖాతా కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. పిల్లల బట్టలు లేని ఫొటోను మాత్రం సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ పంపకండి. అలాంటి ఫొటోలు ఇతరులకు పంచడం చట్టప్రకారం నేరం. బిడ్డ భద్రత కోసం పిల్లల సహాయ నంబరు 1098కి రాత్రైనా పగలైనా ఫోను చేయవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి చెప్పండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఫొటో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి చోట్లకు పాకుతుందన్న భయం ఉంటే, అక్కడ దాన్ని గుర్తుపట్టి తీసేయించే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోను దాటదు, దాని నుంచి తయారైన గుర్తు సంఖ్య మాత్రమే వెళ్తుంది. వాట్సాప్‌లో తిరిగేవాటికి అది పనిచేయదు.

‘పోలీసులు గడప తొక్కితే పరువేమవుతుంది, టీచరమ్మా?’ అని ఆ అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫారంలో ఉండకూడదు. బిడ్డ ఇంట్లోనే, లేదా బిడ్డ కోరుకున్న చోట తీసుకోవాలి. రాత్రిపూట ఏ కారణంతోనూ స్టేషన్‌లో ఉంచకూడదు. బిడ్డ పేరు పత్రికల్లోకి పోకుండా చూడాల్సిన బాధ్యత కూడా పోలీసులదే. ఈ నాలుగూ విన్నాక ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుని, ‘అయితే పోదాం పద’ అంది.

ఆమెకు అక్షరాలు రావు, అంకెలు గుర్తుపడుతుంది. తలుపు వెనక 1098 రాయబోతుంటే మనవడు లేచి వచ్చి, నా చేతిలోని సుద్దముక్క తీసుకుని తనే పెద్దగా రాశాడు.