బ్యాక్టీరియా స్విచ్చులు చదవడం – 4: బాణం, అడ్డగీత

పోయిన పాఠంలో ఫోక్యూ, ఫోపీ అనే రెండు ప్రోటీన్ల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోమన్నాను. అది తీయండి, పెన్సిలుతో సహా. ఈ బొమ్మలో కనీసం ఒక గీత చెరిపి మళ్లీ గీయాల్సి వస్తుంది.

బెంగళూరులో మా అపార్ట్‌మెంటు ట్యాంకులో నీళ్లు అడుగంటితే సెన్సర్ కింది ప్యానెల్‌కు కబురు పంపుతుంది. మోటారు వేసేది ప్యానెల్. చూసేది ఒకటి, చేయించేది మరొకటి. పేగులకు సోకే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలోనూ అంతే. మాక్రోఫేజ్ అనే రక్షక కణం దాన్ని మింగి ఒక తిత్తిలో బంధిస్తుంది. తిత్తిలో ఆమ్లగుణం పెరుగుతుంది, పొరలను చీల్చే పెప్టైడ్లు (ప్రోటీన్ తునకల్లాంటివి) వచ్చి పడతాయి. లోపలి పొరలో కూర్చున్న ఫోక్యూ అది పసిగట్టి, ముందు తనకు ఒక ఫాస్ఫేట్ తగిలించుకుని, తర్వాత దాన్ని ఫోపీకి అందిస్తుంది. అది అందుకున్న ఫోపీ వెళ్లి డీఎన్‌ఏను పట్టుకుంటుంది. ప్రయోగశాలలోనైతే మెగ్నీషియం బాగా తగ్గించిన ద్రావణంలో పెంచినా ఇదే స్విచ్చు పడుతుంది.

ఇక గీయండి. ఫోక్యూ నుంచి ఫోపీకి బాణం. ఫోపీ నుంచి ‘పాగ్’ జన్యువులకు బాణం: ఇవి ఫోపీ మేల్కొలిపేవి. వీటిలో ఒకటి బయటి పొరలోని కొవ్వు భాగాన్ని మార్చి, పెప్టైడ్ల దెబ్బకు తట్టుకునేలా చేస్తుంది. తర్వాత ఫోపీ నుంచి ‘పీఆర్‌జీ’ జన్యువులకు అడ్డగీత: ఇవి ఫోపీ నిద్రపుచ్చేవి. పేగు గోడ కణంలోకి చొరబడటానికి వాడే సూదిలాంటి పరికరం భాగాలు వీటిలో ఉన్నాయి. ఇంట్లోకి వచ్చేశాక తాళంచెవి చేత్తో పట్టుకుని తిరగం కదా!

బాణాలు అందరూ గీస్తారు, అడ్డగీత మరచిపోతారు. నేనూ మొదట్లో మరచిపోయిన వాణ్నే.

పరీక్షించుకుందాం. ఫోపీ జన్యువు చెడిపోతే? 1989లో చిట్టెలుకల్లో చూశారు: ఆ సాల్మొనెల్లా జబ్బు చేయలేకపోయింది. ఇది తేలికే. మరి ఫోక్యూలో చిన్న మార్పు వచ్చి స్విచ్చు ఎప్పుడూ పడే ఉంటే? జవాబు చెప్పే ముందు బొమ్మ మీద వేలు పెట్టండి. ‘మరింత ప్రమాదకరం’ అనే ఎక్కువమంది అంటారు. 1990లో అచ్చయిన ప్రయోగంలో అదీ చతికిలబడింది, మాక్రోఫేజ్‌లోనూ సరిగా బతకలేదు. ఒక కారణం మీ బొమ్మలోనే ఉంది. వేలిని అడ్డగీత వెంట పోనివ్వండి: సూది జన్యువులు ఎప్పుడూ నిద్రలోనే ఉంటాయి, ఇక తలుపు తెరిచేదెవరు?

పోయిన వేసవిలో మా సెన్సర్ ఇరుక్కుపోయి మోటారు రాత్రంతా ఆడింది. తెల్లారేసరికి మేడ మీంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, కింద సంపు ఖాళీ. ట్యాంకరు వచ్చే దాకా ఇరుగుపొరుగంతా నన్నే చూశారు, అప్పుడు సంఘం కార్యదర్శిని నేనే.

సాల్మొనెల్లాకు ఆ తిప్పలు లేవు. ఫోపీ మేల్కొలిపే వాటిలో ఎంజీఆర్‌బీ అనే చిన్న ప్రోటీన్ జన్యువు ఒకటి. ఆ ప్రోటీన్ వెళ్లి ఫోక్యూనే అణిచిపెడుతుంది. దీన్ని బొమ్మలో చేర్చండి, ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసుకుని. అయిదో పాఠం ఆ వలయం దగ్గర మొదలవుతుంది.