బేకింగ్ స్వయంబోధిని, మూడవ పాఠం: పండుగ చుట్టాలకు చోడిపిండి (రాగిపిండి) బిస్కట్లు

మొదటి పాఠంలో ఓవెన్ లేని ఇంట్లో దళసరి అల్యూమినియం గిన్నెలో అంగుళం మందాన ఉప్పు పోసి, దాని మీద స్టాండు పెట్టి, మూత బిగించి ఓవెన్‌గా వాడుకోవడం చూశాం. రెండవ పాఠంలో గ్లాసులతో, గుప్పిళ్లతో కొలిచే అలవాటు మాని కాటాతో తూచడం సాధన చేశాం. ఈ పాఠంలో మొదటిసారిగా చుట్టాల ముందు పెట్టదగిన పదార్థాన్ని తయారు చేస్తాం. వంటింట్లో గడపడం సరదాగా భావించేవారి కోసం ఈ పాఠాలు రాయడం లేదన్న మాట మరొకసారి గుర్తు చేస్తున్నాను. ఇంటికి పదిమంది వస్తున్నారు కనుక చేయక తప్పని గృహిణి, తక్కువ శ్రమతో, మాట రాకుండా పని ముగించుకోవడానికే ఇవి ఉద్దేశించినవి.

విజయనగరంలో ఆ పదిమంది ఎప్పుడు వస్తారో ఎవరికీ చెప్పనక్కరలేదు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, దాని ముందురోజు సోమవారం తొలేళ్లు. మూడు లాంతర్ల దగ్గరి అమ్మవారి చదురుగుడికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు ఉంటే, తొలేళ్ల నాటికే ఆడపడుచులు, మేనత్తలు, వారి పిల్లలు దిగిపోతారు. ఆ రెండు రోజులూ అన్నాలకు, కూరలకే పొయ్యి చాలదు కనుక, అప్పుడు ఏదైనా బేక్ చేయాలనుకోవడం అవివేకం. ఆదివారం నాడే చేసి డబ్బాలో పెట్టుకోగలిగినదీ, మంగళవారం సాయంత్రానికి కూడా రుచి తగ్గనిదీ కావాలి. కేకు రెండవ రోజుకే పొడిబారుతుంది. క్రీము ఉన్నదానికి ఫ్రిజ్‌లో చోటు కావాలి, ఆ చోటు పాలకు, పెరుగుకే సరిపోదు. అందుచేత బిస్కట్లను ఎంచుకున్నాను. పండుగ రోజుల్లో గుడ్డు ముట్టనివారు ఉంటారు కాబట్టి ఇందులో గుడ్డు లేదు.

బిస్కట్టును ఎంచుకోవడానికి మరొక కారణం ఉంది, ఈ పాఠానికి అదే ప్రధానం. మైదాకు తడి తగిలి, దానిని పిసుకుతున్న కొద్దీ గ్లూటెన్ అనే సాగే గుణం గల మాంసకృత్తి పెరుగుతుంది. బ్రెడ్డు పొంగి నిలబడడానికి అది అవసరమే గాని, బిస్కట్టులో అదే పెరిగితే కొరికినప్పుడు గుల్లగా విరగక చెక్కముక్కలా గట్టిపడుతుంది. నెయ్యి పిండి రేణువుల చుట్టూ పూతలా పట్టి తడిని దూరంగా ఉంచుతుంది కనుక గ్లూటెన్ ఎక్కువగా ఏర్పడదు. రాగిపిండిలో, అంటే మన చోడిపిండిలో, అసలు గ్లూటెన్ లేనే లేదు. అందువల్ల పిండిని వదలకుండా మర్దించే ఉత్సాహం గల చేతి కన్నా, త్వరగా ముగించుకొని బయటపడాలనుకునే చెయ్యే ఈ పనికి తగినది. ఇక్కడ అయిష్టం అవరోధం కాదు, అర్హత.

చోడిపిండి 100 గ్రాములు, మైదా 100 గ్రాములు, నెయ్యి 100 గ్రాములు, బెల్లం పొడి 100 గ్రాములు, బేకింగ్ పౌడరు అర టీస్పూను, యాలకుల పొడి అర టీస్పూను, చిటికెడు ఉప్పు తీసుకోవాలి. రెండు పిండ్లూ కలిపి రెండు పాళ్లు, నెయ్యి ఒక పాలు, తీపి ఒక పాలు అన్న లెక్క గుర్తుంటే, తరువాత ఎంత పరిమాణంలోనైనా చేసుకోవచ్చు. చోడిపిండి ఆరోగ్యానికి మంచిదని మైదా పూర్తిగా మానివేస్తే, పట్టి ఉంచేది లేక బిస్కట్లు డబ్బాలోనే పొడి అవుతాయి. అనకాపల్లి బెల్లం దిమ్మ కొన్నట్లయితే దానిని తురిమి, పళ్లెంలో పరిచి, తడి ఆరనిచ్చి జల్లించాలి, ఎందుకంటే మిగిలిన ప్రతి గడ్డా పెనం వేడికి కరిగి నల్లని మచ్చగా మారుతుంది. పైన అద్దడానికి పలాస జీడిపప్పులో గుండు, అంటే విడిపోని పూర్తి పలుకు, అవసరం లేదు. దానికి ధర ఎక్కువ. బిస్కట్టు మీద బద్దే చక్కగా అతుక్కుంటుంది, ఖరీదూ తక్కువ.

ముందుగా చోడిపిండిని సన్నని సెగ మీద పచ్చివాసన పోయేవరకు, నాలుగైదు నిమిషాలు వేయించి పూర్తిగా చల్లార్చాలి. వేడి పిండిని నెయ్యిలో కలిపితే నెయ్యి కరిగి, బిస్కట్లు పెనం మీద అట్లలా పరుచుకుంటాయి. నెయ్యి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఆవునెయ్యి సుమారు 30 డిగ్రీల చుట్టుపక్కల కరగడం మొదలవుతుంది, దసరా రోజుల్లో మన మధ్యాహ్నాలు అంతకు తక్కువ ఉండవు. కాబట్టి కరిగిన నెయ్యిని ఫ్రిజ్‌లో పెట్టి, పేరి వెన్నలా మెత్తగా ఉన్నప్పుడు బయటకు తీయాలి. అందులో బెల్లం పొడి వేసి, రంగు కాస్త తేలికయ్యేవరకు గరిటెతో గిలకొట్టాలి. ఈ పాఠంలో శ్రమ అనదగినది ఈ ఐదారు నిమిషాలే. గిలకొట్టేటప్పుడు చేరిన గాలే బిస్కట్టును గుల్లగా చేస్తుంది కనుక దీనిని మాత్రం తగ్గించకండి.

ఆ తరువాత రెండు పిండ్లు, బేకింగ్ పౌడరు, ఉప్పు, యాలకుల పొడి కలిపి జల్లించి, నెయ్యిలో వేసి, వేళ్ల కొసలతో దగ్గరకు చేర్చాలి. ముద్ద కట్టగానే ఆపివేయాలి. పొడిపొడిగా ఉంటే ఒక చెంచా పాలు చాలు. ముద్దను మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, ఉసిరికాయంత ఉండలు చేసి, అరచేతితో కొద్దిగా నొక్కి, మీద జీడిబద్ద అద్దాలి. ఈ కొలతకు 20 నుంచి 24 బిస్కట్లు వస్తాయి.

కాల్చడం దగ్గర ఆగి మాట్లాడుకోవాలి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. గిన్నెను మూతపెట్టి పది నిమిషాలు మధ్యస్థపు మంట మీద వేడి చేసిన తరువాత మంట తగ్గించి, నెయ్యి రాసిన పళ్లెంలో వేలెడు ఎడంతో ఏడెనిమిది బిస్కట్లు అమర్చి, స్టాండు మీద దించాలి. 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. ఓవెన్ ఉన్నవారు 160 డిగ్రీల వద్ద 15 నుంచి 18 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. మైదా బిస్కట్టయితే అంచు బంగారు రంగుకు రాగానే దించవచ్చు. చోడిపిండి మొదటి నుంచీ గోధుమరంగులోనే ఉంటుంది కనుక రంగును నమ్మడానికి వీలులేదు. వేయించిన చోళ్ల కమ్మని వాసన వంటింటి గుమ్మం దాటినప్పుడు మూత తీసి, ఒక బిస్కట్టును అట్లకాడతో మెల్లగా కదపాలి. అడుగు పొడిగా ఉండి, అంటుకోకుండా ఏకంగా జరిగితే అయినట్లే. అప్పటికీ పైభాగం వేలికి మెత్తగానే తగులుతుంది. ఆ మెత్తదనాన్ని పచ్చిగా భావించి మరో పది నిమిషాలు ఉంచితే అడుగు మాడుతుంది, బెల్లం పంచదార కన్నా ముందు మాడే గుణం కలది. దించిన తరువాత పదిహేను నిమిషాలు పళ్లెంలోనే తాకకుండా వదిలివేస్తే, చల్లారుతూ బిస్కట్టు దానంతట అదే గట్టిపడుతుంది.

ఇరవై మంది వచ్చే ఇంటికి ఈ కొలత రెట్టింపు చేయాలి. గిన్నె ఓవెన్‌లో అది ఆరు వాయిలు, దాదాపు రెండున్నర గంటలు. అయితే ఆ సమయమంతా పొయ్యి దగ్గర నిలబడనక్కరలేదు, అలారం పెట్టుకొని వేరే గదిలో కూర్చోవచ్చు. పూర్తిగా చల్లారిన తరువాతనే స్టీలు డబ్బాలో సర్ది మూత గట్టిగా పెట్టాలి. వెచ్చగా పెడితే ఆవిరి పట్టి మెత్తబడతాయి. సముద్రపు తేమ ఎక్కువగా ఉండే భీమిలి, కళింగపట్నం వైపు గాలి తగిలినా మెత్తబడతాయి, అప్పుడు అదే గిన్నెలో ఐదు నిమిషాలు వేడి చేసి చల్లార్చితే మళ్లీ కరకరలాడతాయి. మధుమేహం ఉన్న పెద్దలకు ‘ఇందులో పంచదార లేదు’ అని చెప్పి పెట్టడం సరికాదు. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచేదే కనుక, వారికి ఒకటి ఇచ్చి ఊరుకోవాలి.

అభ్యాసంగా పండుగకు రెండు వారాల ముందు మూడో వంతు కొలతతో ఒకే వాయి చేసి, మీ పొయ్యి మీద ఎంత మంటకు ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితం మీద రాసి డబ్బా మూతకు అంటించండి. నాలుగవ పాఠంలో పెరుగు, వంటసోడా కలిసినప్పుడు జరిగే చర్యను, దాని ఆధారంగా చేసే రవ్వ కేకును చూద్దాం. దానికి కావలసిన బొంబాయి రవ్వ, పుల్లని పెరుగు సిద్ధం చేసుకోగలరు.