రోహిణి కార్తెలో ఫిల్మ్ కడిగేవాళ్లకు

మే నెలలో వరంగల్ మిద్దెల మీది ట్యాంకు నీళ్లు పొద్దున పదింటికే చురుక్కుమంటాయి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కడగడానికి (డెవలప్ చేయడానికి) కంపెనీలిచ్చే టైములేమో ఎక్కువగా 20 డిగ్రీలకు లెక్కగట్టినవి. ఆ 20 కోసం ఐసుతో కుస్తీ పట్టడం దండగ. 24 పెట్టుకోండి. కాకపోతే డెవలపర్ (బొమ్మ తేల్చే మందు), స్టాప్ బాత్ (ఆ పనిని ఆపేది), ఫిక్సర్ (బొమ్మను నిలిపేది), కడిగే నీళ్లు నాలుగూ 24లోనే ఉండాలి.

చాలామంది బోల్తా పడేది ఆ నాలుగో దాని దగ్గరే. డెవలపర్‌ను చల్లబరుస్తారు, ఫిక్సర్ తీయగానే ఫిల్మ్ ఉన్న ట్యాంకు డబ్బాను నల్లా కింద పెడతారు. నాని మెత్తబడ్డ జెలటిన్ (ఫిల్మ్ మీద బొమ్మ ఉండే పొర) మీద వేడినీళ్లు పడితే పొర ఎండిన చెరువుమట్టిలా నెర్రెలిస్తుంది, అంచుల్లో ఊడొస్తుంది. దానికిక మందు లేదు.

అందుకే ముందురోజు రాత్రే రంజన్ (మట్టికుండ) నింపి పెట్టండి. పొడిగాలి ఉన్నన్నాళ్లు అది బాగా పనిచేస్తుంది. వానాకాలం ఉక్కపోతలో నమ్ముకోవద్దు. ఇంకా తగ్గాలంటే ఐసును పాలిథిన్ సంచిలో మూతికట్టి, సీసాలు నిలబెట్టిన టబ్బులో వేయండి. 300 మి.లీ. ట్యాంకైతే ఒక 35 ఎంఎం రోలుకు మొత్తం రెండు లీటర్ల నీళ్లు చాలు: ఫిక్సర్ తర్వాత మూడుసార్లు నీళ్లు మార్చి, వరుసగా 5, 10, 20 సార్లు తలకిందులు చేయాలి. ఫిల్మ్‌ను గట్టిపరిచే రకం ఫిక్సర్‌కు ఈ లెక్క కుదరదు.

హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌కు డి-76 డెవలపర్‌ను నీళ్లు కలపకుండా నేరుగా వాడితే 20 దగ్గర ఏడున్నర నిమిషాలు, 24 దగ్గర ఐదుకు దిగుతుంది. అంత తక్కువ టైములో పోయడం కాస్త ఆలస్యమైనా ఫొటోలో ఆకాశం మీద చారలే. సమానంగా నీళ్లు కలిపితే 11 నిమిషాలది ఏడున్నరకు వస్తుంది, చేతికి తీరిక దొరుకుతుంది. ఆ కలిపింది ఒక్కసారికే.

చెమట చేతులతో ఛేంజింగ్ బ్యాగులో (వెలుతురు చొరని సంచిలో) ఫిల్మ్ ఎక్కిస్తే ప్లాస్టిక్ రీలు మధ్యలోనే పట్టేస్తుంది. తెల్లవారుజామున, పూర్తిగా ఆరిన రీలుతో ఎక్కించండి.

నెగెటివ్ పలచగా వస్తే ముందు అంచు నంబర్లు చూడండి. అవి నల్లగా ఉంటే తప్పు కెమెరా దగ్గర. అవీ వెలిసిపోతే డెవలపర్ దగ్గర. పాలలా మసకగా ఉంటే ఫిక్సర్ చాలలేదని అర్థం. మళ్లీ ఫిక్స్ చేస్తే చాలాసార్లు బాగవుతుంది.

బోరునీళ్ల తెల్లమచ్చలు పడకుండా చివర డిస్టిల్డ్ వాటర్‌లో వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు చుక్కలుగా నిలవకుండా జార్చే మందు) కలిపి ముంచండి. ఆరబెట్టేది బాత్రూంలో, ఫ్యాను లేకుండా. వడగాలి దుమ్ము తడి ఫిల్మ్‌కు అంటితే ప్రింటులో తెల్లచుక్కలవుతుంది.

ప్రింటింగ్ మాత్రం వానలు పడ్డాక పెట్టుకోవడం మేలు. తప్పదంటే డెవలపర్ ట్రేను చల్లనీళ్ల పెద్ద ట్రేలో ఉంచండి, లేకపోతే తెలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. కూలర్లన్నీ తిరిగే సాయంత్రం వోల్టేజీ పడి ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ను పెద్దదిగా కాగితం మీద వేసే యంత్రం) బల్బు మందగిస్తుంది. టెస్ట్ స్ట్రిప్ (టైము తేల్చుకునే చిన్న ముక్క) తీసిన టైముకే అసలు ప్రింటు రాదు.