నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ స్టడీ: శాంపిల్ తీయడం నుంచి మీటర్ రీడింగ్ దాకా

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల్లో ఎంబీబీఎస్ ప్రాజెక్టుకో, పీజీ థీసిస్‌కో ఫ్లోరైడ్ మీద పని ఎత్తుకునేవాళ్లు మొదట ఒకటి తేల్చుకోవాలి: కొలవబోయేది ఏ కాలపు ఫ్లోరైడ్? బిందెలో నీళ్లు ఇవ్వాళ్టి సంగతి చెబుతాయి. మూత్రం ఎక్కువగా ఈ ఒకట్రెండు రోజుల్లో ఒంట్లోకి పోయినదాన్ని, కొంత ఎముకల్లోంచి తిరిగొచ్చేదాన్ని చూపుతుంది. పళ్ల మీది గార (ఫ్లోరైడ్ వల్ల ఎనామిల్ మీద పడే మచ్చలు) మాత్రం చిన్ననాటిది. జ్ఞానదంతాలు తప్ప మిగతా శాశ్వత దంతాల ఎనామిల్ దాదాపు ఎనిమిదేళ్లలోపే తయారైపోతుంది. ఆ తర్వాత ఎంత ఫ్లోరైడ్ తాగినా ఆ పళ్లకు కొత్తగా గార రాదు.

మర్రిగూడ, మునుగోడు వైపు ఈ తేడా చాలా ముఖ్యం. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ ఊళ్లకు చేరాక చాలా ఇళ్లలో తాగే నీళ్లే మారిపోయాయి. నల్లా నీళ్లలో లీటరుకు 0.4 మిల్లీగ్రాములే వచ్చిందనుకోండి, ఆ ఇంటి పెద్దపిల్లకు ముదురు గార ఉందనుకోండి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ‘నీటికీ గారకూ సంబంధం లేదు’ అని రాస్తే ఆ స్టడీ మొత్తం పోయినట్టే. ఆ పిల్ల పళ్లు కట్టింది బోరు నీళ్లతో.

కాబట్టి ప్రశ్నావళిని శ్రద్ధగా రాయాలి. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల దాకా ఏ ఊళ్లో ఉన్నారు, అమ్మమ్మ ఇంటి దగ్గరా, హాస్టల్లోనా, అక్కడ బోరింగు నీళ్లా నల్లా నీళ్లా అని ఏడాది వారీగా అడగండి. తాగే నీళ్లు, వంట నీళ్లు, చేను దగ్గరి నీళ్లు మూడూ వేరు వేరు గడులు. ‘ఏ నీళ్లు తాగుతరు?’ అంటే ‘ఫిల్టర్ నీళ్లే సార్’ అంటారు. ‘పత్తి ఏరవోయినప్పుడు ఏడ తాగుతరమ్మా?’ అని అడిగితే మోటరు నీళ్లు బయటపడతాయి. అన్నం, పప్పు ఉడికేది బోరు నీళ్లతోనైతే తాగే నీళ్లు మార్చినా కొంత లోపలికి పోతూనే ఉంటుంది. రోజుకు ఎన్నిసార్లు చాయ్, నల్ల ఉప్పు వాడకం ఉందా అన్నదీ రాయండి. చాయ్ పత్తాలోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకముందు ఒక్క శాంపిల్ కూడా తీయకూడదు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 11 ఏళ్ల పిల్లల ఒప్పుకోలు తల్లిదండ్రుల ముందు నోటిమాటగా, 12 దాటినవాళ్లది రాతపూర్వకంగా తీసుకోవాలి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తే పక్కన టీమ్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి.

నీళ్ల శాంపిల్ సులువు. బోరును కొన్ని నిమిషాలు పోనిచ్చి, పైపులో నిలిచిన నీళ్లు పోయాక, 250 మి.లీ. పాలిథిన్ సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి నింపండి. గాజు సీసా వద్దు. యాసిడ్ కలపనక్కర్లేదు, 28 రోజుల్లోపు పరీక్షిస్తే చాలు. వాళ్లు ముంచుకుని తాగే కుండలోంచి ఇంకో సీసా తీయండి. బోరుకూ కుండకూ తేడా వస్తే, వేరే చోటి నీళ్లు తెచ్చుకుంటున్నారేమో అడగండి.

ఎక్కువ తప్పులు మూత్రం దగ్గరే జరుగుతాయి. పాలీప్రొపిలీన్ డబ్బాలో 50 మి.లీ. తీసుకోండి. పేస్టుతో పళ్లు తోముకున్న వెంటనే తీయొద్దు. అందరి దగ్గరా ఒకే పూట తీయాలి, సమయం రాయాలి. క్రియాటినిన్ కోసం 5 మి.లీ. విడి ట్యూబులోకి తీసి, మిగిలినదాంట్లో కాల్షియాన్ని పట్టి ఉంచే ఈడీటీఏ 0.2 గ్రాములు వేయండి. లేకపోతే అడుగున దిగే కాల్షియం మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. రెండూ ఐస్ బాక్సులో తెచ్చి, అదే రోజు చేయలేకపోతే మైనస్ 20 డిగ్రీల్లో పెట్టాలి.

క్రియాటినిన్ అంటే కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే లెక్కన మూత్రంలోకి వచ్చే పదార్థం. అది ఎందుకంటే మే నెల ఎండలో పొలం పని చేసే మనిషికి నీరంతా చెమటగా పోతుంది. మూత్రం చిక్కబడి ఫ్లోరైడ్ అంకె పైకి పోతుంది. ఉదాహరణకు ఒక కూలీకి లీటరుకు 3.0 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, 1.5 గ్రాముల క్రియాటినిన్. ఇంటి పట్టునుండే ఇంకొకరికి 1.8, 0.6. పైకి కూలీదే ఎక్కువ. భాగిస్తే కూలీకి గ్రాము క్రియాటినిన్‌కు 2.0, రెండో మనిషికి 3.0. క్రియాటినిన్ లీటరుకు 0.3 గ్రాముల కంటే తక్కువ, 3.0 కంటే ఎక్కువ ఉన్న శాంపిల్ పక్కన పెట్టి మళ్లీ తీయండి.

ల్యాబులో ఐయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌నే (ద్రావణంలోని ఫ్లోరైడ్‌ను మిల్లీవోల్టుల్లో చూపే మీటర్ కడ్డీ) ఎంచుకోండి. రంగు చూసే స్పాడ్న్స్ పద్ధతి చవకే కానీ మన నీళ్లకు సరిపడదు. క్లోరిన్ ఆ రంగును విరగ్గొట్టి ఫ్లోరైడ్ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది, నల్లా నీళ్లన్నీ క్లోరిన్ కలిపినవే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అలా శుద్ధి చేసిన నీళ్లలో మిగిలే అల్యూమినియం ఇదే పరీక్షలో ఫ్లోరైడ్‌ను తక్కువ చేసి చూపుతుంది.

ఎలక్ట్రోడ్‌కు టిసాబ్ ద్రావణం కావాలి, శాంపిళ్లన్నిటి పీహెచ్‌నూ లవణ బలాన్నీ ఒకేలా ఉంచేది ఇదే. 500 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 57 మి.లీ. గ్లేషియల్ అసిటిక్ యాసిడ్, 58 గ్రాముల సోడియం క్లోరైడ్, 4 గ్రాముల సీడీటీఏ కలపండి. చల్లార్చుకుంటూ 6 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌ను కొద్దికొద్దిగా పోసి పీహెచ్‌ను 5.0, 5.5 మధ్యకు తెచ్చి లీటరు చేయండి. పీహెచ్ ఇంకా తగ్గితే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో జతకట్టి ఎలక్ట్రోడ్‌కు కనబడదు. పెరిగితే హైడ్రాక్సైడ్‌ను కూడా ఫ్లోరైడ్‌గా లెక్కేస్తుంది. అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్‌ను విడిపించేది సీడీటీఏ.

స్టాక్ కోసం ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 0.221 గ్రాములు లీటరుకు కలిపితే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ద్రావణం. ప్లాస్టిక్ సీసాలోనే ఉంచండి. దాన్నుంచి లీటరుకు 0.1, 1, 10 మిల్లీగ్రాముల స్టాండర్డ్‌లు చేసి, ఒక్కోటి 25 మి.లీ.కు 25 మి.లీ. టిసాబ్ కలిపి, పలుచనిదాని నుంచి చిక్కనిదానికి వెళ్లండి. 25 డిగ్రీల దగ్గర 1కీ 10కీ మధ్య తేడా 54 నుంచి 60 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. లేకపోతే ఆపేసి టిసాబ్ పీహెచ్, రిఫరెన్స్ ద్రావణం, క్రిస్టల్ కింద గాలిబుడగ చూడండి. స్టర్రర్ కింద వేడెక్కి బీకర్ వెచ్చబడుతుంది, మధ్యలో థర్మోకోల్ ముక్క పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన శాంపిల్ స్టాండర్డ్‌ల వేడికి వచ్చేదాకా ఆగాలి. ప్రతి పది శాంపిళ్లకు 1 స్టాండర్డ్ మళ్లీ చదవండి. 2 మిల్లీవోల్టులు జరిగితే ఫలితం దాదాపు 8 శాతం తప్పుతుంది, మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. రోజుకొక శాంపిల్‌లో, 50 మి.లీ.కు 100 స్టాక్ 0.5 మి.లీ. పోసి చూడండి. అంకె సుమారు 1.0 పెరగాలి. పోసినదాంట్లో 90 నుంచి 110 శాతం దొరక్కపోతే ఆ బ్యాచ్ నమ్మొద్దు.

పళ్లు చూసేవాళ్లకు నీటి అంకె తెలియకూడదు. పగటి వెలుతురులో, గార తీవ్రతను కొలిచే డీన్ సూచిక ఆరు స్థాయిల్లో, ఎక్కువ దెబ్బతిన్న రెండు పళ్లు చూసి, ఆ రెండిటికీ తేడా ఉంటే తక్కువ గార ఉన్నదాన్నే రాయాలి. గుట్కా మరక గార కాదు. గార ఎడమ కుడి పళ్ల మీద జంటగా కనిపిస్తుంది. పది శాతం పిల్లలను ఇద్దరు విడివిడిగా చూసి కప్పా (ఇద్దరి అంచనాలు ఎంత కలిశాయో చెప్పే అంకె) లెక్కకట్టండి. ఊరి సగటు సూచిక 0.6 దాటితే ప్రజారోగ్య సమస్యగా తీసుకుంటారు.

ఫలితాలు ఇంటింటికీ తెలుగులో చీటీ మీద ఇవ్వండి: మీ తాగే నీళ్లలో ఇంత, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా. దాటితే వంటకు కూడా ఆ నీళ్లు వాడొద్దని చీటీలోనే రాయండి. ఒక కాపీ ఏఎన్ఎంకు ఇస్తే తర్వాత అడిగేవాళ్లకు ఆమె చెప్పగలుగుతారు.