ఎత్తయిన ఎడారిలోని లోయ జలాశయం దగ్గర ఒక రోజు గడపడం ఎలా?

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం పేరు చెబితే పచ్చని అడవులు, ఆగని చినుకులు గుర్తుకు వస్తాయి. ఆ రాష్ట్రానికే తూర్పు వైపున, కాస్కేడ్ పర్వతాలు దాటగానే, వాన ముఖం చూడని మరో నేల మొదలవుతుంది. పసిఫిక్ సముద్రం మీది నుంచి వచ్చే మేఘాలు పర్వతాల పడమటి వాలు మీదే కురిసి ఖాళీ అవుతాయి కాబట్టి ఇవతలి వైపు వర్షచ్ఛాయలో పడిపోతుంది. పడమటి కనుమల చాటున ఉండటం వల్ల అనంతపురానికి పట్టిన గతే ఇది. అయితే ఇక్కడి మద్రాస్ పట్టణంలో ఏడాది వర్షపాతం అనంతపురంలో కురిసే దానిలో దాదాపు సగమే. ఈ పట్టణం పేరు చూసి ఆశ్చర్యపోనక్కరలేదు. మన మద్రాసు నుంచి వచ్చిన నూలు గుడ్డ పేరునే ఊరికి పెట్టారని స్థానికంగా చెబుతారు, కాకపోతే పలకడం మాత్రం 'మ్యాడ్రస్' అంటారు.

ఆ పట్టణానికి దగ్గరలో, కల్వర్ అనే చిన్న ఊరి పక్కన, కోవ్ పాలిసేడ్స్ స్టేట్ పార్క్ ఉంది. డెషూట్స్, క్రూకెడ్, మెటోలియస్ అనే మూడు నదులు లోతైన రాతి లోయలను కోసుకుంటూ వచ్చి ఇక్కడ కలుస్తాయి. 1964లో పూర్తయిన 440 అడుగుల రౌండ్ బ్యూట్ ఆనకట్ట వెనుక ఆ మూడు లోయల్లోనూ నీరు నిలిచి బిల్లీ చినూక్ జలాశయం ఏర్పడింది. 1843లో అమెరికన్ అన్వేషకుడు జాన్ ఫ్రెమాంట్ యాత్రా బృందంతో కలిసి ప్రయాణించిన వాస్కో ఆదివాసీ తెగ యువకుడి పేరు దీనికి పెట్టారు. పైనుంచి చూస్తే మూడు వేళ్లు చాపిన చేయిలా ఉండే ఈ జలాశయానికి తీరరేఖ 72 మైళ్లు. పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో ప్రాంతాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది రెండున్నర, మూడు గంటల కారు ప్రయాణం.

ఇక్కడ చేయదగిన పనులు చాలానే ఉన్నాయి. కానీ ఏ పని ఏ గంటకు పెట్టుకున్నారన్న దాని మీదే ఆ రోజు ఎలా గడుస్తుందన్నది ఆధారపడి ఉంటుంది. పొద్దున లోయ గట్టు ఎక్కడం, మధ్యాహ్నం నీటిలో దిగడం, సాయంత్రం గాలి హోరెత్తక ముందే ఒడ్డు చేరడం అన్నది నేను రెండు మూడుసార్లు తప్పు చేసి నేర్చుకున్న క్రమం.

మొదటి మెట్టు: కాలం, బస ఎంచుకోవడం

జూలై, ఆగస్టు నెలల్లో పగటి ఎండ తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం ఇక్కడ మామూలు విషయం. గాలిలో తేమ లేకపోవడం వల్ల చెమట పట్టినట్టే తెలియదు. పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి, ఒంట్లో నీరు తగ్గిపోతున్న సంగతి తలనొప్పి మొదలయ్యే దాకా బయటపడదు. రాత్రి మాత్రం అదే చోట స్వెటర్ లేనిదే కూర్చోలేరు. నడక కోసమే వెళ్లేవారికి ఏప్రిల్, మే నెలలు, ఈత కోసం వెళ్లేవారికి జూలై నుంచి సెప్టెంబరు మొదటి వారాల వరకు అనువైన కాలం. గద్దలను చూడాలనుకునే వారు ఫిబ్రవరిలో వెళ్లవచ్చు. ఆ చలిలో గోల్డెన్ ఈగిల్, బాల్డ్ ఈగిల్ జాతుల పక్షులు లోయ గోడల వెంట తిరుగుతూ కనిపిస్తాయి.

గుడారాలు వేసుకునే చోట్లు రెండున్నాయి. ఒకటి లోయ అంచు మీద, క్రూకెడ్ నది వైపున ఉంటుంది. గాలి ఆడుతుంది, రాత్రి చుక్కలు బాగా కనిపిస్తాయి. రెండవది లోయ అడుగున, డెషూట్స్ వైపున ఉంటుంది. నడక దారి మొదలయ్యేది దీనికి దగ్గరలోనే కనుక పొద్దున్నే లేచి నడవదలచిన వారికి అదే మేలు. వేసవి వారాంతాలకు చోటు దొరకడం కష్టం కాబట్టి నెలల ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి.

రెండవ మెట్టు: సామాను సర్దుకోవడం

నడిచే ప్రతి పెద్ద మనిషికీ కనీసం మూడు లీటర్ల నీళ్లు పెట్టుకోవాలి. అంచున్న టోపీ, పొడుగు చేతుల పలచని చొక్కా, చీలమండ కప్పే బూట్లు, సన్‌స్క్రీన్ అవసరం. తిండి విషయానికి వస్తే, పులిహోర ఎండకు కొంత తట్టుకుంటుంది గాని పెరుగన్నం మాత్రం ఐసు నింపిన కూలర్‌లో కదలకుండా ఉండాలి. వేసవిలో నిప్పు రాజేయడంపై నిషేధం తరచుగా విధిస్తారు. కట్టెల పొయ్యి మీద ఆశ పెట్టుకుని వెళ్లకుండా, ఆ వారం అమలులో ఉన్న నిబంధనలను ముందే చూసుకుని, గ్యాస్ స్టవ్‌కైనా అనుమతి ఉందో లేదో తెలుసుకుని బయలుదేరాలి. లోయ గోడల మధ్య ఫోన్ సిగ్నల్ ప్రతిచోటా అందదు కనుక పటాన్ని ముందే ఫోన్‌లోకి దింపుకుని ఉంచుకోవాలి.

మూడవ మెట్టు: తెల్లవారుజామున టామలావ్ దారి ఎక్కడం

టామలావ్ అంటే అక్కడి ఆదివాసుల భాషలో నేల మీద పెద్ద బండలున్న చోటు అని అర్థం. మొత్తం ఆరు నుంచి ఏడు మైళ్ల నడక. ఇందులో కష్టమంతా మొదటి భాగంలోనే ఉంది. సుమారు 600 అడుగుల ఎత్తును మెలికలు తిరిగే దారి వెంట ఒక్క ఊపులో ఎక్కవలసి ఉంటుంది, నీడనిచ్చే చెట్టు దాదాపుగా ఉండదు. మొదటిసారి నేను పదకొండు గంటలకు, రెండు అర లీటరు సీసాలతో, ఇంతేగా అనుకుంటూ బయలుదేరాను. సగం దూరంలో ఒక జునిపర్ చెట్టు కింద, మనిషి పట్టేంత నీడలో ముగ్గురం సర్దుకుని కూర్చుని, మిగిలిన నీళ్లను మూత లెక్కన పంచుకున్నాం. ఏడు గంటలకల్లా దారి మొదట్లో ఉండాలని చెప్పడానికి కారణం అదే.

ఎక్కుతున్నప్పుడు పక్క గోడను దగ్గరగా చూడండి. కింది భాగంలో బూడిద, ఇసుక, గులకరాళ్లు పొరలు పొరలుగా కనిపిస్తాయి. వాటి మీద, వాటికి ఆనుకుని, నిలువు స్తంభాల వరుసలుగా నల్లని బసాల్ట్ నిలబడి ఉంటుంది. సుమారు 12 లక్షల ఏళ్ల కిందట దక్షిణాన ఉన్న న్యూబెర్రీ అగ్నిపర్వతం నుంచి పొంగిన లావా క్రూకెడ్ నది లోయనే కాలువగా చేసుకుని ఇక్కడి దాకా వచ్చి లోయను నింపేసింది. తరువాత నదులు మళ్లీ తమ దారిని కోసుకున్నాయి. చల్లారుతూ కుంచించుకుపోయేటప్పుడు పగుళ్లు తేలడం వల్ల లావా ఇలా స్తంభాలుగా విడిపోయింది. రెండు నదుల నడుమ బల్లపరుపుగా మిగిలిపోయిన గుట్టను 'ఐలాండ్' అని పిలుస్తారు. పశువుల మేతకు పెద్దగా చిక్కకుండా మిగిలిన పాత గడ్డి నేల కావడంతో దాని మీదికి జనాన్ని అనుమతించరు. మీరు నిలబడే పీఠభూమి మీది నుంచి దాన్ని ఎదురుగా చూడవచ్చు, ఆకాశం తేటగా ఉంటే మౌంట్ జెఫర్సన్ మంచు శిఖరం కూడా కనిపిస్తుంది.

పైన నడుస్తుంటే బూడిద రంగు ఆకులతో మోకాలెత్తు పొదలు అడుగడుగునా తగులుతాయి. ఇది సేజ్‌బ్రష్. ఒక ఆకును గోటితో నలిపి వాసన చూస్తే ఘాటుగా, కొంచెం కర్పూరంలా, ఎక్కడో ఎరిగిన పరిమళంలా అనిపిస్తుంది. మన పూలదండల్లో కట్టే దవనం కూడా ఆర్టెమీసియా అనే ఈ ప్రజాతిదే. ఎనిమిది వేల మైళ్ల అవతల దవనపు చుట్టాన్ని కలిసిన సంతోషంలో నేను అక్కడ అవసరమైన దానికంటే ఎక్కువసేపే ఆగాను. తుంచిన ఆకు ఒకటి చాలు, కొమ్మలు విరవకండి.

రాతి సందుల్లో చేయి పెట్టకూడదు, చెవుల్లో పాటలు పెట్టుకుని నడవకూడదు. ఇక్కడ రాటిల్‌స్నేక్ అనే విషపాములు ఉన్నాయి. అది తోకను గలగలలాడించి హెచ్చరించినప్పుడు వినబడితే, ఆగి, ఎటు నుంచి వస్తోందో చూసి, నెమ్మదిగా వెనక్కి జరిగితే అదే తప్పుకుంటుంది. ఒకవేళ కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం వంటివేవీ చేయకుండా, ఉంగరాలు, గాజులు తీసేసి, మనిషిని కదలనివ్వకుండా 911కు ఫోన్ చేయాలి. సిగ్నల్ లేకపోతే తోడున్నవారిలో ఒకరు సాయం కోసం వెళ్లాలి, కాటు పడినవారిని ఒంటరిగా వదలకూడదు. కుక్క వెంట ఉంటే తాడు చేతిలో ఉండి తీరాలి.

నాలుగవ మెట్టు: ఎండ నడినెత్తికి వచ్చాక నీటి దగ్గరకు దిగడం

పదిన్నర, పదకొండు కల్లా కిందికి దిగి, ఈత కోసం తాళ్లతో హద్దు కట్టిన చోటుకు చేరుకోండి. ఆ హద్దు దాటితే ఒడ్డు ఒక్కసారిగా లోతుకు పోతుంది, ఎందుకంటే మీరు నిలబడింది చెరువు గట్టు మీద కాదు, మునిగిపోయిన లోయ గోడ మీద. ఈ జలాశయం లోతు ఒకచోట 400 అడుగులు దాటుతుంది. పైగా మూడు పాయల నీరు ఒకేలా ఉండదు. మెటోలియస్ నది బ్లాక్ బ్యూట్ గుట్ట పాదం దగ్గర ఊటగా పుట్టి నేరుగా వస్తుంది కాబట్టి నడివేసవిలో కూడా ఆ పాయ చల్లగా ఉంటుంది. క్రూకెడ్ పాయ వాటిలో కొంత వెచ్చనిది. చల్లని నీటిలో ఉన్నట్టుండి పడితే మొదటి నిమిషంలో ఊపిరి తనంతట తాను ఎగబీలుస్తుంది, ఈత వచ్చినవారు కూడా నీళ్లు మింగేది అప్పుడే. అందుకని గాలి తెప్ప మీద ఎక్కినా, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) ఎక్కినా లైఫ్ జాకెట్ తొడుక్కోవలసిందే. కదులుతున్న పడవలో 12 ఏళ్లు, అంతకంటే చిన్న వయసు పిల్లలు అది వేసుకోవాలని ఒరెగాన్ చట్టమే చెబుతోంది.

సొంత కయాక్ తెచ్చుకునే వారు రాష్ట్ర జలమార్గ అనుమతి ముందే కొనుక్కోవాలి. పడవ లేనివారికి పార్కులోని మెరీనాలో (పడవల రేవులో) అద్దెకు దొరుకుతాయి. మధ్యాహ్నం దాటాక లోయ గోడల మధ్య గాలి గొట్టంలో పడినట్టు వేగం పుంజుకుంటుంది. ఎదురుగాలికి తెడ్డు వేసి తిరిగి రావడం చాలా శ్రమ కనుక, పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి ఉండేలా దిక్కు ఎంచుకోండి, మూడు గంటలకల్లా ఒడ్డు చేరండి.

చేపలు పట్టాలనుకుంటే 12 ఏళ్లు నిండిన ప్రతివారికీ లైసెన్సు ఉండాలి. మెటోలియస్ పాయలో వార్మ్ స్ప్రింగ్స్ తెగల సమాఖ్య ఇచ్చే అనుమతి కూడా అదనంగా కావాలి, ఎందుకంటే ఆ ఒడ్డు వారి భూమి. కొకానీ అనే చిన్న సాల్మన్ ఇక్కడ ఎక్కువగా దొరుకుతుంది. బుల్ ట్రౌట్ మాత్రం దేశంలో చాలా చోట్ల రక్షిత జాతి, ఇక్కడ కూడా పరిమాణం, సంఖ్య విషయంలో గట్టి నియమాలు ఉన్నాయి కనుక ఆ ఏడాది నిబంధనల పుస్తకం చూడకుండా గాలం వేయవద్దు.

ఐదవ మెట్టు: సాయంత్రం, తిరుగు ప్రయాణం

రెండు వంతెనల నడుమ, రోడ్డు పక్కన ఒక బండ ఉంది. దాని మీద ఆదివాసులు చెక్కిన గీతలు కనిపిస్తాయి. జలాశయం నిండక ముందు, క్రూకెడ్ నది ఒడ్డున మునిగిపోతుందని దీన్ని పైకి తరలించారు. గీతలను చేత్తో తడమకండి, సుద్దతో నింపకండి. పొద్దు వాలినప్పుడు ఏటవాలు వెలుగులో అవి బాగా తేలి కనిపిస్తాయి, ఫోటోకు అదే సరైన సమయం.

బయలుదేరే ముందు పడవను ఒడ్డున బోర్లించి, అడుగు బిరడా తీసి, నీరంతా పోనిచ్చి, చిక్కుకున్న నాచును ఏరి పారేయాలి. ఒక జలాశయంలోని పరాయి జీవులు మరొకదానికి చేరేది ఇలాంటి తడి పడవల ద్వారానే. లోయలోంచి పైకి వచ్చే మెలికల దారిలో ట్రైలర్ బండ్లు ఎదురవుతాయి, మలుపుల దగ్గర వాటికి ముందు దారి ఇవ్వండి. పైకి వచ్చాక వార్మ్ స్ప్రింగ్స్ మీదుగా వెళ్లే రోడ్డు మీద మునిమాపు వేళ జింకలు దాటుతుంటాయి. ఒకటి దాటగానే యాక్సిలరేటర్ తొక్కకుండా రెండవదాని కోసం ఒక్క క్షణం ఆగండి, అవి ఒంటరిగా రావడం తక్కువ.